తుపాకీ నుదుటి రాత

తుపాకీ ఎదురుగా కనబడితే మనవాళ్ల చూపు ముందుగా గొట్టం మీదికి పోతుంది. సినిమాల ప్రభావం కాబోలు! తుపాకుల సంగతి తెలిసినవాడు మాత్రం గొట్టానికీ కర్రకీ నడుమ, బోల్టు ముందుకీ వెనక్కీ ఆడే ఇనుప గూడు కేసి చూస్తాడు. దాని పేరు రిసీవర్. గొట్టం అరిగితే మార్చుకోవచ్చు. కర్ర విరిగితే కొత్తది చెక్కించుకోవచ్చు. రిసీవర్ చెడితే ఆ తుపాకీ పోయినట్టే. అది పుట్టిన వూరూ, సంవత్సరమూ, నెంబరూ రాసి వుండేది కూడా రిసీవర్ మీదనే. తుపాకీకి అది నుదురు అనుకోండి.

ఈ సంచికలో కథలూ, కవితలూ, హాస్టలు మెస్సు మీద హాస్య వ్యాసాలూ వుండగా మధ్యలో యీ పాత విద్యార్థి ఇనుము గోల ఏమిటని నేటి విద్యార్థి మిత్రులు అనుకోవచ్చు. మెకానికల్ ఇంజనీరింగు చదివి, ముప్ఫయ్యేళ్లు ఉక్కు సామాన్ల తనిఖీ ఉద్యోగం చేసినవాడికి కవిత్వం రాదు. పైగా యీ వ్యవహారంలో ఒక పెళ్లి, ఒక మహావీరుడి పేరు, మా చిన్నాన్న కుడికన్ను, మూడూ ముడిపడి వున్నాయి. కనుక కాస్త ఓపిక పట్టండి.

మాది చీడికాడ. ఒకప్పటి చోడవరం తాలూకాలో తూర్పు కనుమల పాదాల దగ్గర వుంటుంది. పైన కోనాం జలాశయం, కింద వరీ చెరుకూ. 2019లో యీ కథ జరిగేనాటికి మాది విశాఖ జిల్లాయే. 2022 ఏప్రిల్లో అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాం. కొండ దగ్గరి వూరు గనక చెరుకు తోటల్లోకి అడవిపందులు దిగడం మామూలే. ఆ పేరు మీద మా చిన్నాన్న తండ్రి, అంటే మా చిన్నతాత, 1951లో లైసెన్సు తీసుకున్నాడు. ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో వచ్చాక ఒక దివాణంవారు సామాన్లు అమ్ముకుంటూ వుంటే ఆయన ఒక రైఫిలు కొన్నాడు. ఆయన తరవాత అది చిన్నాన్నకి వచ్చింది.

2019 ఏప్రిల్ 11న మన రాష్ట్రంలో పోలింగు గదా. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు స్టేషనులో అప్పగించాలి. మే 23న లెక్కింపు అయిపోయాక చిన్నాన్న తన రైఫిలు వెనక్కి తెచ్చుకున్నాడు. జూన్లో నేను వూరు వెళ్లేసరికి అది గోనెగుడ్డ మీద వీధి అరుగు మీద పడుకొని వుంది. ఆయనకి అప్పటికే ఎనభై దాటాయి. 2016 ఆయుధ నియమాల ప్రకారం డెబ్బై ఏళ్లు నిండిన లైసెన్సుదారు తన తుపాకీ వారసుడి పేర మార్పించమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. కొడుకు పేరు మీదికి మార్పిద్దామని ఆయన ఆలోచన.

నన్ను చూడగానే, "ఒరే బాబూ, నువ్వు ఇనుం సదూకున్నోడివి. దీని సంగతి కాగితం మీద రాసియ్యాల. ఇది సీతారామరాజు సింతపల్లి టేసను కొల్లగొట్టినప్పటి తుపాకీరా. మా అయ్య సెప్పీవోడు" అన్నాడు.

ఆ మాట మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ విన్నదే. అయితే దానికి కాగితం ఎందుకు కావలసి వచ్చిందో తమ్ముడు, అంటే చిన్నాన్న కొడుకు, పెరట్లోకి తీసుకెళ్లి చెప్పాడు. వైజాగ్ నుంచి ఒక పెద్దమనిషి వచ్చి చూసి వెళ్లాడట. మామూలు పాత తుపాకీ అయితే ఆయనకి అక్కర్లేదు. అల్లూరి చేతిలో ఆడిన తుపాకీ అని చదువుకున్నవాడెవరైనా రాసి సంతకం పెడితే, లైసెన్సు మార్పిడి తతంగమంతా తానే చూసుకొని అయిదు లక్షలు ఇస్తానన్నాడట. శ్రావణంలో తమ్ముడి కూతురి పెళ్లి. "అన్నయ్యా, నీ సంతకం ఒక్కటే తక్కువ" అన్నాడు.

ఇక్కడ చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు పోలీసు స్టేషన్లు. మొత్తం మీద ఇరవై ఆరు తుపాకులూ, రెండు వేల అయిదు వందల దాకా తూటాలూ చేజిక్కాయి. తీసుకున్న వస్తువుల జాబితా స్టేషను డైరీలో రాసి, కింద సంతకం పెట్టి మరీ వెళ్లాడు రామరాజు. లెక్క రాసి సంతకం పెట్టిన మనిషి పేరు వాడుకొని, లెక్క చూడకుండా నేను సంతకం పెట్టడమా! ముందు చూద్దాం అన్నాను.

తుపాకీ ఖాళీగా వున్నదని నేనూ చిన్నాన్నా విడివిడిగా చూసుకొన్న తరవాత బోల్టు బయటికి లాగాను. రిసీవర్ ముందుభాగం గుండ్రని ఉంగరంలా వుంటుంది. గొట్టం మరబిగించేది దాంట్లోనే. దాని నెత్తిన ఏళ్ల తరబడి రాసిన కొబ్బరినూనె ముద్దకట్టి నల్లబడి వుంది. కిరసనాయిలు గుడ్డతో తుడిచేసరికి ముందు ఒక కిరీటం, దాని కింద డాన్జిగ్ అని అక్షరాలు, వాటి కింద 1916 తేలాయి. ఎడమపక్క గోడ మీద, కళ్లజోడు పైకెత్తి చూస్తే, పాతకాలపు జర్మన్ గోతిక్ అక్షరాల్లో గెవ్ 98 అని వుంది. గెవ్ అంటే గెవేర్, అనగా జర్మన్ భాషలో తుపాకీ.

అంటే ఇది మౌజరు. మౌజరు అనగానే మనవాళ్లకి పిస్తోలు గుర్తొస్తుంది. 1914 ఆగస్టులో కలకత్తాలో రోడా కంపెనీ సరుకు నుంచి విప్లవకారులు దారి మళ్లించినవి 50 మౌజరు పిస్తోళ్లూ, 46 వేల తూటాలూ. ఇది అది కాదు. జర్మన్ సైన్యం 1898 ఏప్రిల్లో స్వీకరించిన పదాతిదళ రైఫిలు, మొదటి ప్రపంచ యుద్ధంలో కైజరు సిపాయి భుజాన వున్నది. పాల్ మౌజరు కనిపెట్టిన బోల్టు మన ఇంటి తలుపు గడియ లాంటిదే. ముందుకి తోసి కిందికి తిప్పితే దాని ముందు వున్న రెండు చెవులు రిసీవర్ ఉంగరంలోని గూళ్లలో ఇరుక్కుంటాయి. 98 నమూనాలో వెనక మూడో చెవి కూడా పెట్టాడు, ముందు రెండూ తప్పితే ఆదుకోవడానికి. మౌజరుకి 1901లో ఒక స్వయంచాలక తుపాకీని పరీక్షిస్తూ వుండగా ఒక కన్ను పోయింది. తుపాకీ వెనక్కి తన్నితే ఏమవుతుందో తెలిసిన మనిషి.

యీ జాతి రిసీవర్లు గుర్తుపట్టడంలో మొదటి పాఠం నెత్తిన వున్న రాత. ప్రభుత్వ ఆయుధశాలలైన డాన్జిగ్, స్పాండావ్, ఎర్‌ఫుర్ట్, ఆంబెర్గ్‌లలో పుట్టినవైతే కిరీటం, వూరు, సంవత్సరం వుంటాయి. ప్రైవేటు కంపెనీలవైతే కంపెనీ పేరుంటుంది: ఓబెర్న్‌డోర్ఫ్‌లోని మౌజరు, బెర్లిన్‌లోని డి.డబ్ల్యూ.ఎం., సుల్ వూళ్లోని హేనెల్, షిల్లింగు, సిమ్సన్. 1917, 18 ప్రాంతాల్లో యుద్ధం పీక మీదికి వచ్చి, విడిభాగాలు నానా కార్ఖానాల నుంచీ తెప్పించి బిగించిన రైఫిళ్లు కొన్నింటి మీద నక్షత్రం కొట్టారు. నక్షత్రం అందంగా వుందని ముచ్చటపడి కొనేవాళ్లున్నారు గానీ అది హెచ్చరిక లాంటిది. భాగాలు మార్చేటప్పుడు సరిగ్గా కూర్చోకపోవచ్చని దాని అర్థం. 1920 అని రెండో సంవత్సరం కొట్టి వుంటే అది యుద్ధం తరవాత మిగిలిన చిన్న సైన్యం తన సొత్తుగా వేసుకున్న ముద్ర. హిట్లరు కాలంలో వచ్చిన పొట్టి రైఫిలు వేరు. దాని మీద కంపెనీ పేరు వుండదు, రహస్యాంకెలే. ఎస్/42 అన్నా, 42 అన్నా, తరవాత బి.వై.ఎఫ్. అన్నా అన్నీ ఓబెర్న్‌డోర్ఫ్ మౌజరే. కె అక్షరం వుంటే 1934, జి అయితే 1935. పక్కగోడ మీద గెవ్ బదులు మోడ్ 98 అని వుంటుంది.

కొలత కూడా చూడాలి. పెద్ద ఉంగరం వ్యాసం 35.8 మిల్లీమీటర్లు, చిన్న ఉంగరానిది 33. పాత 93, 95 నమూనాలు చిన్నవి. 98 అని రాసి వున్నంత మాత్రాన పెద్దదనుకోకూడదు, అశ్వికదళం వగైరాలకిచ్చిన పొట్టి 98ఎ రైఫిలుకి చిన్న ఉంగరమే. నా వెర్నియర్ కాలిపర్స్ పెడితే చిన్నాన్న రైఫిలు పెద్ద ఉంగరమని తేలింది.

1916 అన్న అంకె చూడగానే తమ్ముడు అరుగు మీంచి లేచి నిలబడ్డాడు. "చూశావా! 1922కి ముందేగా!" అన్నాడు. చిన్నాన్న ఏమీ అనలేదు. మీసం సవరించుకున్నాడు.

రాసి వున్న సంవత్సరం పుట్టిన సంవత్సరం మాత్రమే. బ్రిటిష్ సర్కారు మద్రాసు పోలీసులకి జర్మన్ సైన్యపు రైఫిళ్లు ఇవ్వలేదు. చింతపల్లిలో దొరికినవి బ్రిటిష్ నమూనా పోలీసు కార్బైన్లు. ఆ మాటే చెప్పాను. తమ్ముడు వూరుకుంటాడా? "స్టేషనుది కాకపోతే దామనపల్లి ఘాటీలో చచ్చిన దొరలదేమో. దొరలకి సొంత తుపాకులుండవా?" అన్నాడు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్ల అధికారులు హతులైన మాట నిజం. వాడి ప్రశ్న తీసిపారేయదగ్గది కాదు. వాదించి లాభం లేదు, ఇనుముని అడుగుదాం అని కర్ర విప్పాను.

కర్ర కింద దాక్కున్న చోట తుపాకీ అబద్ధమాడదు. గొట్టం అడుగున కిరీటాల కింద అక్షరాలు వరసగా కొట్టి వున్నాయి. అవి సైన్యం ముద్రలు కావు. జర్మనీలో అమ్మకానికి వచ్చే ప్రతి తుపాకీనీ ప్రభుత్వ పరీక్షాశాలలో ఎక్కువ మందు పెట్టి పేల్చి చూసి, తట్టుకున్న తరవాతనే కొట్టే ముద్రలు. జి అంటే లోపల గాడులున్న గొట్టం, ఎన్ అంటే పొగలేని మందుకి పరీక్ష అయింది. వాటి పక్కన చిన్న అంకెలు: 3, కొంచెం ఎడంగా 27. అంటే 1927 మార్చి.

సంగతి ఇలా జరిగి వుంటుంది. వెర్సాయి సంధి 1919లో జర్మన్ సైన్యాన్ని లక్షమందికి కుదించింది. లక్షలాది సైనిక రైఫిళ్లు పనికిరాకుండా పోయాయి. అక్కడి తుపాకుల పనివాళ్లు వాటి రిసీవర్లు తీసుకొని, కొత్త గొట్టం, నాజూకు వాల్‌నట్ కర్ర తొడిగి, వేట తుపాకులుగా మార్చి ప్రపంచమంతా అమ్మారు. మన దేశంలో వేట మోజున్న దివాణాలకి కొదవేమిటి? జిమ్ కార్బెట్‌కి చంపావత్ పులిని చంపినందుకు 1907లో బహుమతిగా ఇచ్చిన రిగ్బీ రైఫిలు కూడా మౌజరు బోల్టు మీద కట్టినదే.

"గొట్టం తరవాత మార్చి వుండొచ్చు గదా" అన్నాడు తమ్ముడు. వాడు చదువు మధ్యలో మానేశాడు గానీ, వుంటే మంచి లాయరయ్యేవాడు. పరీక్ష ముద్ర గొట్టం మీదే గాక రిసీవర్ మీద కూడా వుంది. రెండూ కలిపి బిగించి పేల్చిన తరవాతనే కొడతారు గనుక 1927 మార్చిలో యీ రిసీవర్ జర్మనీలో వున్నట్టు. రామరాజు 1924 మే 7నే కన్నుమూశాడు.

చిన్నాన్న చాలాసేపు ఆ అంకెల్ని బొటనవేలితో తడుముతూ కూచున్నాడు. తరవాత, "అయితే మా అయ్య అబద్దం సెప్పేడంటావేట్రా?" అన్నాడు.

దానికి మాత్రం మా కాలేజీలో ఎవరూ సమాధానం నేర్పలేదు. తాత అబద్ధం చెప్పలేదు చిన్నాన్నా, అమ్మినవాడు చెప్పినది నమ్మాడు, అన్నాను. 1951లో మా వైపు ఏ పాత తుపాకీ అమ్మాలన్నా రామరాజు పేరు చెబితే నాలుగు డబ్బులు ఎక్కువొచ్చేవి. 2019లో కూడా అంతేనని వైజాగ్ పెద్దమనిషి రుజువు చేశాడు గదా! ఆయన వింటాడో లేదో తెలియలేదు గానీ పొగాకు చుట్ట వెలిగించుకొని దొడ్లోకి పోయాడు.

ఇక నెంబరు. లైసెన్సు పుస్తకంలో 5318 అని నాలుగంకెలు వున్నాయి, ముందు తరం గుమాస్తా ఎవరో చక్కని దస్తూరీలో రాశాడు. రిసీవర్ మీద 5318 కింద వంకర తిరిగిన ఒక చేతిరాత అక్షరం కూడా వుంది. నగిషీ అనుకొని వదిలేసి వుంటాడు. అది జర్మన్ దస్తూరీలో ఎఫ్ అనే అక్షరం. ఆ ఆయుధశాలల్లో ఏటేటా నెంబర్లు ఒకటి నుంచి మళ్లీ మొదలుపెట్టి, పదివేలు దాటకుండా అక్షరం మార్చేవారు. కనుక 5318, 5318 ఏ, 5318 బి అన్నీ వేరువేరు తుపాకులు. ఒక్కొక్క సంవత్సరం, ఒక్కొక్క ఆయుధశాలలో మళ్లీ మళ్లీ పుడతాయి. వూరు, సంవత్సరం, అంకె, అక్షరం నాలుగూ కలిస్తేనే ఒక మనిషికి ఇంటిపేరుతో సహా పేరు చెప్పినట్టు. మన ఆఫీసు రికార్డులో అంకె ఒక్కటే వుంది. రేపు ఏ తనిఖీలోనో ఎవరైనా శ్రద్ధగా చూస్తే, లైసెన్సులో వున్నది వేరు, ఇంట్లో వున్నది వేరు అని పట్టుకోవచ్చు.

బోల్టు మీద వున్న నెంబరు అసలు 5318 కానే కాదు. రెండంకెలు మిగిలాయి, అవీ కలవలేదు. నెంబరు కలవకపోవడం ఒక్కటే అయితే నేను భయపడను. 1927లో పాత భాగాలు ఏరుకొని కట్టినదే గదా. కాని బోల్టు మీద పరీక్ష ముద్ర లేదు. గొట్టానికీ రిసీవర్‌కీ వున్నది బోల్టుకి లేదంటే, ఆ బోల్టు జర్మనీలో వాటితో కలిసి పేలలేదు. ఎప్పుడో, ఎక్కడో, ఎవరో తగిలించారు. ఇక్కణ్ణించి కథ చరిత్రలోంచి వర్క్‌షాపులోకి వస్తుంది.

తూటా పేలినప్పుడు గదిలో చదరపు అంగుళానికి సుమారు యాభై వేల పౌండ్ల ఒత్తిడి పుడుతుంది. తూటా అడుగు వైశాల్యం లెక్క కడితే బోల్టు మీద పడేది రెండు టన్నుల పైమాటే. నిండా చెరుకు వేసిన టైరు బండి ఆ రెండు చెవుల మీద ఒక్క క్షణం వచ్చి గుద్దినట్టు. చెవులు ఆనే గూళ్లు ఆ దెబ్బ కాయాలి. రిసీవర్లు తక్కువ కార్బన్ ఉక్కుతో చేసి, మలిచాక పైపొరకి మాత్రం కార్బన్ పట్టించి గట్టిపరిచేవారు. కేస్ హార్డెనింగ్ అని రెండో సంవత్సరంలో బట్టీపట్టి పరీక్ష అయ్యాక మరిచిపోయేది అదే. మా వూరి కమ్మరి నాగలి కర్రు మొనకి పదును పెట్టేటప్పుడు చేసేదానికి ఇది దూరపు చుట్టం. పైన గట్టి పెచ్చు, లోపల పగలని మెత్తదనం. మాడుగుల హల్వా మీద పాకం గట్టిపడినట్టు అనుకుంటే పోలిక కుదరకపోయినా నోరు వూరుతుంది.

ఆ పెచ్చు పలచగా పడినా, ఎవడైనా మెరుపు కోసం దాన్ని రుద్ది తీసేసినా, పేలిన కొద్దీ చెవుల దెబ్బకి గూళ్లు వెనక్కి నొక్కుకుంటాయి. బోల్టుకీ తూటాకీ మధ్య ఖాళీ పెరుగుతుంది. ఖాళీ పెరిగితే ఇత్తడి తూటా సాగి, ఒకనాడు చీలుతుంది. చీలితే మందు వాయువు వెనక్కి, కంటి కేసి వస్తుంది. మౌజరు దానికీ ఉపాయం చేశాడు: బోల్టులో గాలి పోయేందుకు రంధ్రాలు, వెనక వెడల్పు రేకు. వుపాయం వుందని ప్రమాదాన్ని పిలవకూడదు గదా.

నేను చేసినదేమంటే, సైకిలు పుల్ల ఒకటి మొన వంచి, రిసీవర్ ఉంగరంలోకి పోనిచ్చి గూళ్ల గోడల మీద నెమ్మదిగా జరిపాను. కంటికి కనబడనిది వేలికి తెలుస్తుంది. పై గూడు నున్నగా వుంది. కింది గూట్లో పుల్ల ఒకచోట తట్టుకొని ఆగింది. మళ్లీ జరిపాను, మళ్లీ అక్కడే. మెట్టు పడి వుంది. చిన్నాన్న చేతికి పుల్ల ఇచ్చాను. ఆయన కళ్లు మూసుకొని జరిపి, "తగుల్తంది" అన్నాడు.

రెండోది కిరసనాయిలు పరీక్ష. ఉంగరం నెత్తిన దుర్భిణి బిగించుకోవడానికి ఎవడో తరవాత తొలిచిన కన్నం ఒకటుంది. దానికి వాడిన మరమేకు పోయింది, కన్నం మిగిలింది. కిరసనాయిలు పూసి, గంటసేపు వుంచి, పొడిగా తుడిచి, మెత్తటి సుద్దపొడి చల్లి కూర్చున్నాం. పగులు వుంటే లోపల దాక్కున్న కిరసనాయిలు పైకి వచ్చి సుద్దని తడుపుతుంది. కాఫీ తాగి వచ్చేసరికి కన్నం అంచు నుంచి అరంగుళం లోపు ఒక తడి గీత వచ్చింది. కాలేజీ లాబులో అయితే రాక్‌వెల్ యంత్రం వుంది గదా అని విద్యార్థులు అడగవచ్చు. పలచని పెచ్చు మీద సి స్కేలు పూర్తి బరువు వేస్తే మొన పెచ్చుని దాటి లోపలి మెత్తదనాన్ని కొలుస్తుంది. తేలిక బరువు స్కేలు వాడాలి. ఆకురాయి పెట్టి గీసి చూడమనే అరుగు పండితులూ వుంటారు. వాళ్ల మాట వినకండి.

గొట్టం సంగతీ చూశాను. జర్మన్ 8 మిల్లీమీటర్ల తూటాలు రెండు రకాలు. 1888 నాటి గుండుకి గాడుల లోతు దగ్గర వ్యాసం 8.08 మిల్లీమీటర్లు, 1905లో వచ్చిన మొనదేలిన గుండుకి 8.20. తేడా వెంట్రుకంత. సన్నది వేయాల్సిన గొట్టంలో లావుది వేస్తే ఒత్తిడి చెయ్యి దాటిపోతుంది. మెత్తని సీసపు ముక్క గొట్టంలోంచి తోసి మైక్రోమీటరుతో కొలిస్తే సన్నదేనని తేలింది. వెర్సాయి తరవాత అక్కడ వేట తుపాకులకి ఎక్కువగా ఆ పాత కొలతే వుంచారు. చిన్నాన్న పెట్టెలో అయిదు తూటాలు మిగిలాయి, పెట్టె మీద ఏ రకమో రాసిన కాగితం ఎప్పుడో చెదలు తినేసింది.

ఇంతలో తమ్ముడు ఇంకో మాట బయటపెట్టాడు. పట్నంలో ఒక మిస్త్రీ, "మన దేశపు 315 తూటా కూడా 8 మిల్లీమీటర్లే, గది కొంచెం తొలిచి దానికి సరిచేసి ఇస్తాను, తూటాలు ఎన్నైనా దొరుకుతాయి" అన్నాడట. 8 అంటే 8 అని అతని లెక్క. మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల 315 నిజానికి ఆస్ట్రియా దేశపు పాత మన్లిఖర్ తూటా. దాని పొడుగు 50 మిల్లీమీటర్లు, అడుగున 14 మిల్లీమీటర్ల అంచు. మౌజరుది 57 పొడుగు, అంచు 12. 57కి తొలిచిన గదిలో 50 తూటా పెడితే ముందు భాగం గాల్లో వుంటుంది. బోల్టు ముఖం కూడా కోసేయాలి. పైగా లైసెన్సు లేనివాడు తుపాకీ మరమ్మతు చేయడమే నేరం. ఆ మిస్త్రీ చెయ్యి మంచిదే కావచ్చు, పంపుసెట్లు బాగు చేసుకుంటే ఆయనకీ మనకీ క్షేమం.

నా తీర్పు ఇది: యీ రిసీవర్ కట్టిన తుపాకీ ఎవరూ పేల్చకూడదు. బోల్టు మార్చినా కూడదు, ఎందుకంటే మెట్టు రిసీవర్‌లో వుంది. దాన్ని అతుకు వేసి మళ్లీ వేడి చేస్తే వున్న పెచ్చు కూడా పోతుంది. సేకరించేవాళ్ల లెక్కలోనూ దీనికి పెద్ద విలువ లేదు. నెంబర్లన్నీ కలిసి, సైనిక రూపం చెడకుండా వుంటే వేరు మాట. ఇది రూపం మారినది, కన్నం పడినది, బోల్టు కలవనిది. అల్లూరి పేరు తీసేస్తే మిగిలేది ఒక అందమైన కర్ర. చిన్నాన్న చివరిసారి దాన్ని పేల్చింది 1969లోనట. కుడికంటికి ఏమీ కాకపోవడం మా పిన్ని నోముల ఫలం.

తమ్ముడు ఆ రాత్రి అన్నం దగ్గర, "పేల్చేవాడెవడు అన్నయ్యా? గోడకి తగిలించుకుంటాడు. నువ్వు పేలదని రాయక్కర్లేదు, రామరాజుదని రాస్తే చాలు" అన్నాడు. వాడి వైపు నుంచి చూస్తే అందులో తప్పు కనబడదు. కూతురి పెళ్లి, చెరుకు బకాయిలు చేతికి రాలేదు, ఒక కాగితం ముక్క మీద సంతకం. నేను రాసిచ్చినది ఒక పేజీ: డాన్జిగ్, 1916, 5318 ఎఫ్, పరీక్ష 1927 మార్చి, బోల్టు వేరు, కింది గూడు నొక్కుకుంది, కన్నం దగ్గర పగులు. కింద సంతకం పెట్టాను. ఆ కాగితం చూశాక వైజాగ్ పెద్దమనిషి ఫోను ఎత్తలేదు. పెళ్లి ఆగలేదు, మా వాటా పొలంలో అరెకరం తాకట్టు పెట్టి చేశాం. తమ్ముడు దసరా దాకా నాతో ముభావంగా వున్నాడు.

లైసెన్సు మార్పిడి ఆలోచన చిన్నాన్నే మానుకున్నాడు. అదే సంవత్సరం కార్తీకంలో నన్ను వెంటబెట్టుకొని స్టేషనుకి వెళ్లి తుపాకీ, తూటాలు, పుస్తకం అన్నీ అప్పగించాడు. రైటరు కుర్రవాడు మంచివాడు, ఓపికగా రాసుకున్నాడు. 5318 దగ్గర ఆగి, "యీ కింద వున్న గీత కూడా రాయాలాండీ?" అన్నాడు. రాయాలి బాబూ, అది ఎఫ్ అన్నాను. బోల్టు నెంబరు వేరుగా రాయించాను. రసీదు చిన్నాన్న చేతికిచ్చాడు. ఆయన అద్దాలు పెట్టుకొని కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివి, "కొన్నది పందొమ్మిదొందల యాభై ఒకటిల, మా అయ్య. అది కూడా రాయండి బాబూ" అన్నాడు. ఫారంలో దానికి గడి లేదు. ఆ అబ్బాయి అంచున రాశాడు.